ఎడమచేతి మీట

పోస్టుకార్డంత ఫొటో.
అంచులు ఎలక కొరికినట్టు కత్తిరించే స్టూడియోలుండేవి అప్పట్లో.
శతజయంతి సంచిక వాళ్ళు బల్లమీద పెట్టి
"మేస్త్రీ, ఫిడేలు పేర్రాజు గారి మెడలో ఉన్నది
ఏ కెమెరానో చెప్పండి,
బొమ్మ కింద ఒక్క వాక్యం వేసుకుంటాం" అన్నారు.
"లైకా అని రాసేద్దామా?"
ఖరీదుగా కనబడిందల్లా వాళ్ళకి లైకాయే.

డాబాగార్డెన్స్ మేడమెట్ల కింద
ముప్ఫై రెండేళ్ళుగా కటకాల్లో బూజు తుడుస్తున్నాను.
ఈ ఊళ్ళో సముద్రం తలుపు తట్టి రాదు.
గాజు లోపల సాలెగూడు అల్లుకున్నాకే
వచ్చి చాలారోజులైందని తెలుస్తుంది.

భూతద్దం ఆనించాను.
పేరు చెక్కిన పలకమీద ఆయన బొటనవేలు అడ్డం.
రెండు కళ్ళు లేవు, రోలీ కాదు.
మా నాన్న తిరునాళ్ళకి తిప్పిన అగ్ఫా డబ్బా అసలే కాదు.
ఒళ్ళు చదరంగా లేదు,
రెండు చివరలూ కోసుగా వాలిపోయి
మధ్యలో పడవ ముక్కులా పొడుచుకొచ్చింది.
నొక్కే మీట చూద్దును కదా,
ఎడమచేతి చూపుడువేలి కింద ఉంది.

ఎడమచేతికి మీట ఎవడు పెడతాడు?
నెగెటివ్ తిరగేసి అచ్చు తీసుంటారు,
చీకటిగదిలో నిద్రకాగని కుర్రాడెవడో.
నేనూ చేశానా తప్పు.
పెళ్ళి పంతులు జంధ్యం కుడిభుజానికి మార్చి
శుభమా అని అపసవ్యం చేసి
పీటలమీది వాళ్ళందరి చేతా తిట్లు తిన్నాను.

"అచ్చు తిరగబడిందమ్మా" అన్నాను నూకాలుతో.
పని నేర్చుకుంటోంది, జాలారిపేట పిల్ల.
ఫొటో చేతిలోకైనా తీసుకోలేదు,
నా భుజం మీంచి తొంగిచూసింది.
"తిరగబడ్డమేటి మేస్త్రీ?
సంద్రం ఎడమకుంది, యారాడ కొండ ముక్కు
సంద్రంలోకే సాగుంది.
మా అయ్య దాన్ని సూసే పడవ మళ్ళించేవోడు.
అది తప్పైతే ఆడు ఇంటికొచ్చేవోడే కాదు."

నిజమే.
ఆయన వెనకాల, మసక మసకగా,
నలభై ఏళ్ళుగా రోజూ చూస్తున్న కొండ.
నాకు కెమెరా ఒక్కటే కనబడింది.

అయితే ఇది ఎక్సాక్టా.
మీటా, రీలు తిప్పే చెవీ ఎడమకే పెట్టిన
తూర్పు జర్మనీ సరుకు.
హార్బర్లో ఏ ఓడ కళాసో
నాలుగు డబ్బులకి వదిలించుకుని ఉంటాడు.

పేరు తెలిసింది, ఫొటో ఇచ్చేయొచ్చు.
ఇవ్వబోతూ మళ్ళీ చూశాను.
ఇంతకీ కుడిచెయ్యేదీ?
ఉత్తరీయం మడతల్లో, మోచేతి కింద నుంచి,
నిద్రపోయిన పసిపిల్లని ఎత్తుకున్నట్టు
దాచిపెట్టి ఉంది.
కమాను పట్టే చెయ్యి.

వెనక వంకాయరంగు సిరా: 1963, వేసవి.
ఆ ఉగాది కచేరీయే ఆయన ఆఖరిదని
వీళ్ళ సంచికలోనే ఉంది.
దేవుడికేదో మొక్కుకుని వాయిద్యం వదిలేశారట.
మొక్కేమిటో ఎవరూ రాయలేదు.

వాళ్ళని సాయంత్రం రమ్మని పంపేసి
అటకమీది ఎక్సాక్టా దింపాను.
వారసులెవరూ అడగని ముక్క, చెవి బిగుసుకుంది.
కుడిచెయ్యి జేబులో పెట్టుకుని
ఎడమచేత్తోనే తిప్పాలని చూశాను.
పెట్టె గుండెకి ఆనించుకుంటే తప్ప కదల్లేదు,
అవును, ఫిడేలు ఆనించుకునే చోటికే.
రెండుసార్లు జారింది.
మూడోసారి టప్పుమంది షట్టర్.
నూకాలు తలెత్తింది, ఏమీ అడగలేదు.

సాయంత్రం వాళ్ళు వచ్చారు.
"లైకాయేనా మేస్త్రీ?"
"కాదు, ఎక్సాక్టా. క-కి ష కాదు, స."
"ఇంకేమైనా రాయాలా?"
"ఎడమన సముద్రం, వెనక యారాడ కొండ,
అది రాయండి" అన్నాను.

ఎనభై రూపాయలిచ్చారు.