పంటి లెక్క

అర్మాస్, ముప్పై ఏళ్ళు నువ్వు
కోయివుసారి ఊరి నీళ్ళలో తెల్లపొడి కలిపావు.
లీటరుకి ఒక్క మిల్లీగ్రాము.
చిటికెలో చిటికె కూడా కాదు.
సరస్సు ఎంత లోతో ఎన్నడూ అడగనివాడివి
ఆ ఒక్క మిల్లీగ్రాము తప్పితే నిద్రపోయేవాడివి కాదు.

నేను బడిపిల్లల నోళ్ళు తెరిపించాను.
చేతిలో బుల్లి అద్దం, కొక్కెపు ముల్లు.
"పైన కుడి ఆరు, పుచ్చు. కింద ఎడమ నాలుగు, బాగుంది."
నువ్వు పోసింది నేను లెక్కపెట్టాను.

అమ్మ పెళ్ళికి వారం ముందు
తాతయ్య మంచుబండి మీద ఆమెను పట్నం తీసుకెళ్ళి
ఉన్న పళ్ళన్నీ పీకించి
కట్టుడుపళ్ళు కొనిచ్చాడు.
"ఇక నీ మొగుడికి పంటి ఖర్చు లేదు" అన్నాడట.
అదే కానుక.
ఇరవై ఏళ్ళ పిల్ల.
పెళ్ళి ఫోటోలో పెదవులు బిగించుకునే ఉంది.

అందుకే కాబోలు నువ్వా పొడిని
పసిబిడ్డకి ఉగ్గు కలిపినట్టు కలిపేవాడివి.

తర్వాత సభలు,
గ్రంథాలయం మేడ మీద, తడిబూట్ల వాసనలో.
"మా గొంతులో మందు పోయడానికి మీరెవరు?" అని ఓ పాలరైతు.
"నా బిడ్డ పళ్ళు నేను తోముతాను" అని ఒకామె.
"తోమేవాళ్ళు లేని బిడ్డో?" అని నేను.
కోశాధికారి కళ్ళజోడు తుడుచుకుని
ఒక్కో పన్నుకి ఎంత పన్ను కరుగుతోందో
పెన్నీలతో సహా చదివాడు.
వెనక వరసలో నువ్వు టోపీ నలుపుతున్నావు.
నిన్నెవరూ అడగలేదు.

అడిగితే చెప్పేవాడివేమో,
నవంబరులోనే పంపు పొర చిరిగిందని,
జర్మనీ నుంచి కొత్తది రాలేదని,
ఐదువారాలుగా ఊరు తాగుతున్నది ఉత్త సరస్సునేనని.
ఆ ఐదువారాల్లోనే
నీళ్ళ వల్ల ఒళ్ళంతా దురదని సిల్క్కా గారు ఉత్తరం రాసింది.
ఈ నీళ్ళ వల్లే తన మనవడి పళ్ళు ముత్యాలని
మందులషాపు వీక్కో ఒట్టేశాడు.
ఇద్దరూ నిజాయితీపరులే.
ఇంటికొచ్చి నా ఒక్కదానికే చెప్పావు.
నవ్వలేదు.

ఓట్లు పడ్డాయి.
డిసెంబరు ఆఖరి సాయంత్రం మీట తిప్పి
గోడమీద పెన్సిలుతో టైము రాశావు.
ఆ రాత్రి ఎవరింట్లోనూ కాఫీ రుచి మారలేదు.

పుచ్చుల వరద వస్తుందని నేను గట్టు పోసుకు కూర్చున్నాను.
పళ్ళకి వార్నిషు పూశాను.
ఇసుక గడియారం బోర్లించి రెండు నిమిషాలు తోమించాను.
మిఠాయి శనివారం మాత్రమేనని తల్లుల్ని ఒప్పించాను.
అన్నాల గంట కొట్టగానే, భూర్జచెట్టు చక్కెర బిళ్ళలతో
నూట నలభై దవడలు ఆడేవి,
రెయిండీర్ల మంద నెమరేసినట్టు.
లెక్క పెరగలేదు.
అంటే, చాలామందిలో.

ఒన్ని అని ఒకడుండేవాడు, రేవు పక్క అద్దెగదుల్లో.
ముగ్గురు పిల్లలకి ఒకటే బ్రష్షు.
బిళ్ళ నమలమంటే చొక్కాజేబులో దాచి
చెల్లెలికి పట్టుకెళ్ళేవాడు.
ఏడేళ్ళకే వాడి దవడపళ్ళు నాలుగు నల్లబడ్డాయి.
సగటులో వాడు కనిపించడు.
సగటుకి నోరుండదు.
నీ మిల్లీగ్రాము తలుపు తట్టకుండానే
వాడింట్లోకి వెళ్ళేది కదా అనుకుంటాను.
తలుపు తట్టకపోవడం గురించే కదా
ఆ పాలరైతు అరిచింది, అనీ అనుకుంటాను.

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు.
నీ పొడీ ఒకప్పుడు రాయే.

ఇప్పుడు నీకు ఎనభై ఒకటి.
ఆవిరిస్నానం చేసొచ్చి కట్టుడుపళ్ళు గ్లాసులో వేస్తావు.
కుళాయి తిప్పి నింపి, దీపానికి ఎత్తి చూస్తావు,
ఏదో తక్కువైనట్టు.

నిన్న ఒన్ని కూతురు చేపలు తెచ్చింది.
ఊడిన పాలపన్ను అరచేతిలో పెట్టి చూపించింది.
నువ్వు కళ్ళజోడు వెతుక్కుని
దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశావు.
చేపలు చల్లబడ్డ నేలమీద నీళ్ళు కారుస్తున్నాయి.
నువ్వింకా చూస్తూనే ఉన్నావు.
"ఇచ్చెయ్యండి" అంది ఆ పిల్ల,
"అది నాది."