ఆనపకాయ

గుణుపురంలో పొద్దు పొడవకముందే
ఇవాళ ఎవరికేది పనికిరాదో
వేళ్ళ మీద లెక్కేసుకుంటాను.

టుకునాకి కరివేపాకు కనబడకూడదు.
కనబడిందా, ఒక్కో రెబ్బా ఏరి
కంచం అంచున తోరణం కడతాడు.
లిపికి అన్నమూ పప్పూ తాకకూడదు.
మధ్యలో వేలితో గట్టు వేస్తుంది,
గట్టుకి గండి పడితే కంచమే తోసేస్తుంది.
రథయాత్ర సంతలో మూడు గదుల స్టీలు పళ్ళెం కొన్నాను.
"చారు ఈ గదిలోంచి ఆ గదిలోకి చూస్తోంది" అంది.
మా ఆయన గౌరాంగకి చేప కావాలి, ముల్లు వద్దు.
అదీ సోమవారం కూడదు, గురువారం కూడదు,
మిగతా రోజుల్లో మంచి చేప దొరకదు.

అత్తగారి సంగతి వేరు.
దాల్మాలో చింతపండు వాసన తగిలితే చాలు
"ఇది మీ కొత్తూరు పప్పు" అంటారు,
ఒడియాలోనే, నాకు బాగా అర్థమయ్యేటంత నిదానంగా.
పులుపు లేని పప్పు నాకేమో
నవ్వని ఫొటో.

అందుకని కుక్కరు ఒకటి, గిన్నెలు రెండు.
దీన్లో పంచఫుటణ పోపు, దాన్లో వెల్లుల్లి, చింతపులుసు.
కరివేపాకు వేయించి, నలిపి, పొడి చేసి కలిపేస్తాను.
"పచ్చగా ఉందేటమ్మా?"
"ధనియాలురా."
వంట సగం, అబద్ధం సగం.

పక్కింటి సరోజిని సలహా చెప్పింది:
"ఆకలేస్తే ఆళ్ళే తింతారు, ఒగ్గీ."
ఒక రోజు ఒగ్గేశాను.
పిల్లలు బిస్కట్లతో పడుకున్నారు.
ఆయన బస్టాండులో బరా తిని వచ్చారు.
అత్తగారు పఖాళలో పచ్చిమిరపకాయ నంజుకున్నారు,
దానికి నా వంటతో పనే లేదు.
ఆ కూర నేను మూడు రోజులు తిన్నాను.

మొన్న శనివారం
అత్తగారు తనే సంతకి వెళ్ళారు.
చంటిపిల్లని ఎత్తుకున్నట్టు
లేత ఆనపకాయని భుజాన వేసుకుని వచ్చారు.

కాపురానికి వచ్చిన మొదటి నెల
సంచీ పట్టుకుని గుమ్మం దిగుతుంటే
నా వైపు చూసి "లావు" అన్నారు.
గదిలోకి పోయి తలగడ తడిపేశాను.
రాత్రి ఆయన కడుపు పట్టుకుని నవ్వి చెప్పారు,
ఒడియాలో లావు అంటే ఆనపకాయట.
అప్పట్నుంచీ ఆవిడ లావు అన్నప్పుడల్లా
నేను మూతి ముడిచేదాన్ని,
ఆవిడ నవ్వేసేవారు,
నవ్వులో కాయ తప్పిపోయేది.
మరీ అడిగితే, ముదిరిపోయిందనో, చేదుగా ఉందనో.
పదహారేళ్ళు.

అసలు మాట ఏమిటంటే
ఆ చప్పదనం, ఆ జారుడు
నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ గిట్టదు.
గరిటె పట్టినదాని పేచీ ఎవరికీ దొరకదు.
అది కంచం తోసెయ్యక్కర్లేదు,
కొనకపోతే చాలు.

అత్తగారు ఆవ నూరారు.
వడియాలు వేయించి చిదిపి పైన చల్లారు.
గౌరాంగ మూడుసార్లు వడ్డించుకున్నారు,
చేప ఊసు లేదు.
ఈ మనిషికి ఇది ఇంత ఇష్టమని
నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

చివర్న నేను కూర్చున్నాను.
ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను.
మింగాను.
మిగతావి మెల్లగా, మాట్లాడుతూనే,
కంచం అంచుకి జరిపాను.

టుకునా చూశాడు.
నా అంచు చూశాడు, తన అంచు చూసుకున్నాడు,
కరివేపాకు కుప్పని
నాకు దగ్గరగా ఉన్న వైపుకి తిప్పాడు.
లిపి అంది, "అమ్మ కూడా గట్టు వేసింది."

అత్తగారు తలెత్తలేదు.
ఈసారి తెలుగులోనే,
ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నారు:
"సగం కాయ ఇంకా ఉంది."