ఊపిరి ఊరికే

సాలిగ్రామంలో మేడ మీది డబ్బింగ్ థియేటర్.
చెప్పులు గుమ్మం బయట, గాజులు హ్యాండ్‌బ్యాగులో.
పట్టు గరగరలాడుతుందని
ముప్పై ఏళ్లుగా పనికి నూలుచీరే.

ఈసారి నేను నీటికుక్క పిల్లని.

"కుక్క అంటే పిల్లలు మొరగమంటారండీ"
అని మాటలు రాసే పేరిశాస్త్రి దానికి పేరు పెట్టాడు,
బుడుంగు.
మునిగితే నీళ్లు అనే మాటే దాని పేరు.

సినిమా ఏ దేశానిదో నేనడగలేదు.
వరదలో తల్లి పట్టు జారిన పిల్ల
కొండలెక్కి, అడవి దాటి
ఏటి మొదలు వెతుక్కుంటూ పోతుంది.
ముళ్లపందిని వావి కలిపి పలకరిస్తుంది.
గుడ్లగూబ అరిస్తే
తన తోక చూసి తనే జడుసుకుంటుంది.

నాకు యాభై ఎనిమిది.
మేడ మెట్లు మూడోదాని దగ్గరే మోకాళ్లు మొరాయిస్తాయి.
మైకు ముందు మాత్రం ఏడేళ్లు దాటలేదు ఎప్పుడూ.
వెన్న దొంగిలించాను, జాతరలో తప్పిపోయాను,
ఎన్ని క్లైమాక్సుల్లో "నాన్నా" అని అరిచానో.
అడవి అంటే నేను చూసింది
గిండీ కంచె వెనక, బస్సు కిటికీలోంచి
ఒక జింక చెవి.

పరుగంటే
ఉన్నచోటే నిలబడి పొట్ట మీద చరుచుకుంటూ ఊపిరి తెంపడం.
ఈతంటే గుక్కెడు నీళ్లు గొంతులో గుడగుడ.
చేప తినే సీనుకి అరటిపండు.
మాటకి పైకం.
ఊపిరి ఊరికే.

నాలుగో రీలు.
(కంప్యూటర్లొచ్చినా మేం రీలనే అంటాం.)
బుడుంగు కొండకొమ్మున ఆగింది.
కింద లోయంతా మంచు.
పిల్ల మూతి కదలదు,
మీసం మీద వాలిన మంచు రవ్వ
కరిగేదాకా.

కాగితం మీద శాస్త్రి వాక్యం:
"అబ్బ! ఆకాశం పిండి జల్లించినట్టుందే!"
మంచి మాటే.
"రోలింగ్, హైమక్కా" అన్నాడు ఇళంగో.
నా నోరు పెగల్లేదు.
ఇంకో టేకు. అదీ పోయింది.
"ఎన్నాచ్చుక్కా?"

ఏం చెప్పను?
ఆరేళ్లప్పుడు, తెనాలి నుంచి రైలు దిగిన సాయంత్రం,
నాన్న భుజాల మీంచి మెరీనా చూశాను.
"ఎలా ఉందే, ఎలా ఉందే?" అని
మూడుసార్లడిగాడు మానాన్న.
నా దగ్గర ఏమీ లేదు.
ఉప్పుగాలి ఒక గుటక మింగాను.

"మూతి కదలట్లేదు శాస్త్రిగారూ."
"కదలకపోతే మరీ సుఖం, ఎంత మాటైనా పట్టించొచ్చు."
"కాసేపు చూడనివ్వండి దాన్ని."

గాజుపలక వెనక ఎవరూ మాట్లాడలేదు.
ముక్కుతో ఒక గుక్క లోపలికి తీసి
సగంలో ఆపాను.
ఇళంగో ఓకే అనడం మర్చిపోయి తలూపాడు.
శాస్త్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు,
"ఇంకో సినిమాకి పనికొస్తుందిలెండి."

ఆదివారం వడపళనిలో ప్రివ్యూ.
పనిచేసినవాళ్ల ఇళ్లవాళ్లంతా, మురుకుల పొట్లాలతో.
ముందు వరసలో ఇళంగో కూతురు, తెలుగు ముక్క రాదు.
సగం సినిమాదాకా వాళ్లమ్మ
దాని చెవిలో తమిళం చేస్తూనే ఉంది.
లోయ వచ్చింది.
ఆ పిల్ల వెనక్కి తిరగకుండానే
అమ్మ నోటి మీద చెయ్యి పెట్టింది.

బయట, బళ్లు తీసే చోట,
"బుడుంగు ఈ అత్తేమ్మా" అని చూపించాడు వాళ్ల నాన్న.
నెరిసిన జడ, మోకాలి పట్టీ,
కిందినుంచి పైదాకా చూసింది. నమ్మలేదు.
గోడ పట్టుకుని వంగి
అదే గుక్క తియ్యబోయాను.
సగంలో దగ్గొచ్చింది.

అయినా దగ్గరికొచ్చి
మురుకు నూనె అంటిన రెండు వేళ్లతో
నా పై పెదవి తడిమింది,
మీసాలు ఎక్కడ దాచానోనని.