మోగే కట్టె

ముప్పై ఒక్క ఏండ్లు గుంతకల్లు యార్డులో
రైలు చక్రాలను సుత్తెతో కొట్టి విన్నోణ్ణి.
బాగున్న చక్రం గంట మాదిరి పలుకుతుంది,
బీట పడింది దగ్గుతుంది.
దగ్గినదాని మీద సుద్దతో ఇంటూ గుర్తు పెడితే
బండి బండంతా నిలబడాల్సిందే,
లోపల ఎంత పెద్దమనిషి కూచున్నా సరే.

ఇప్పుడు చక్రాలు లేవు. సాయంత్రాలున్నాయి.
స్టేషన్ రోడ్డులో టైర్ల అంగడి మిద్దె మీద పూల్ హాలు,
రెండు బల్లలు. ఒకటి కిటికీ తట్టు వాలుంటుంది;
బంతి తనంతట తానే పోయి
గాలికి కూచుంటుంది.
పిల్లోళ్ళు కట్టెలు తెచ్చి నా చేతికిస్తారు:
"ఏది మంచిదో చెప్పప్పా."

తేజేశ్వర్‌ది బెంగళూరు సరుకు.
పెట్టె లోపల నల్ల మఖమలు.
రెండు ముక్కలు కలిపి మర తిప్పితే
అతుకెక్కడో గోటికి కూడా దొరకదు.
బరువు అర కిలోకు ఒక చిన్న ఎర్రగడ్డ ఎక్కువ.
వంగి కొట్టినా.
గోరంత పక్కకు తగిలింది, నాకు తెలుసు,
అయినా తెల్లబంతి నేననుకున్న తావుకే పోయింది.
నా తప్పును కట్టె కడుపులో పెట్టుకునింది.
మర్యాదే. కానీ
తలుపు అవతల ఎవరో మాట్లాడుతున్నట్టుంది చప్పుడు.

హాలు కట్టె, ఏడో నంబరు:
అందరి చెమటా తాగి నున్నబడింది.
బల్ల మీద దొర్లిస్తే కుంటుతుంది.
వంపు ఎటుందో తెలిసినోడికి అది వంకర కాదు,
కొత్తోడు పట్టుకుంటే మాత్రం నవ్వులపాలు చేస్తుంది.
దాని గురించి ఇంకేం చెప్పేది,
ఇంట్లో మనిషి.

మూడోది ఎర్రిస్వామిది.
కింద అంగట్లో పంచర్లు వేసే పిల్లోడు.
కసాపురం రోడ్డులో లేత్ మిషన్ మీద
మంచంకోళ్ళు, చపాతీ కర్రలు తిప్పే వన్నూరప్పతో
నాలుగు నెలల జీతంలో మిగిలిందంతా పెట్టి చేయించుకున్నాడు.
వెనక ముక్క నల్లతుమ్మ. ముందు ముక్క
పాత బోగీ బెర్తు టేకు,
ఎంతమంది నిద్రపోయినారో దాని మీద.
పట్టు కాడ గాలం దారం చుట్టినాడు.
మూతికి బర్రెతోలు, మూడు పొరలు.
బరువు ముందుకు లాగుతుంది,
కడవ ఎత్తుకున్న మనిషి తొలి అడుగు మాదిరి.

కొట్టినా.
టక్.
మణికట్టు దాటి మోచేతి దాకా వచ్చింది మాట.
బంతి గుంట చేరకముందే చెప్పేసింది:
కిందికి కొట్టినావు, కుడికి కొట్టినావు.
అక్క మాదిరి, మొగం మీదే.
ఇంకోసారి కొట్టినా, దానితో పోట్లాడ్డానికే.

అప్పుడు వినబడింది.
టక్ వెనకాల, నూక గింజంత కిరకిర.
అతుకు కాడ.

మెట్ల మీద వన్నూరప్ప.
చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు, లోపలికి రాడు.
ఎప్పుడూ ఆడనోడు, పచ్చ బల్లను
కొత్తగా నాటిన మడిని చూసినట్టు చూస్తున్నాడు.
ఎర్రిస్వామి నా మొగమే చూస్తున్నాడు.
నా చేతిలో సుద్ద. నీలంది.

"రా" అని పిలిచి
కట్టె మడమ వన్నూరప్ప చెవికి ఆనించి
మూతి మీద వేలితో కొట్టినా.
రెండోసారికి కండ్లు మూసుకున్నాడు.
మూడోసారికి తలూపినాడు.
"ఇత్తడి మర అర చుట్టు వదులు" అన్నాడు,
"రేపు కాదు, ఎల్లుండి."
అప్పటి దాకా ఆడుకోనీలే అన్నా.

ఎర్రిస్వామి ఆ కిరకిరతోనే
మూడు బంతులు గుంటల్లో వేసినాడు.
నాలుగోది
కిటికీ కాడికి పోయి కూచునింది.

ఏది మంచిదని తేజేశ్వర్ మళ్ళీ అడిగినాడు.
టీ వచ్చింది. తాగినా.

ఇంటికి పోయి అన్నం కలపబోతే
బొటనవేలు నీలం.