పాసంగం

ధర చెప్పమన్నాడు రఫాయేలా నుంచి వచ్చిన కుర్రాడు.
"ఏ పూట ధర?" అన్నాడు మా ఎవరిస్తో.

ఎకసెక్కం కాదది.
రొసారియోలో ఆ ఆగస్టు నెలంతా
పొద్దున అన్న మాట మధ్యాహ్నానికి చెల్లలేదు.
మూలమీది రొట్టెల కొట్టువాడు
పలక మీద ధర రాయడం మానేసి
సుద్ద తుడిచిన మరక ఒక్కటీ ఉంచాడు.

మేం చేసేది త్రాసులు.
పశువుల్ని తూచేవి, సోయా బస్తాల్ని తూచేవి,
మాంసం కొట్లలో గొలుసులకు వేలాడేవి.
యాభై ఎనిమిదేళ్లు ఊరందరి బరువులూ చెప్పిన షెడ్డు
తన బరువెంతో చెప్పుకోలేక
తలుపులు తెరుచుకుని నిలబడింది.

అంతకుముందు ముగ్గురొచ్చి విలువ కట్టారు.
ఒకాయన మూడేళ్ల లాభాన్ని నాలుగుతో హెచ్చవేశాడు.
(ఏ మూడేళ్లు? మధ్యలో ఒకటి లాభమే కాదు.)
ఇంకొకాయన యంత్రాలన్నిటినీ పాత ఇనుము కింద తూచాడు.
మూడో ఆయన లోపలికే రాలేదు, వీధిలోంచి తలెత్తి
"పద్నాలుగు అంతస్తులు లేస్తాయి" అన్నాడు.
అతనికి కాఫీ పెట్టొద్దని ఎవరిస్తో నాకు కళ్లతో చెప్పాడు.

నేను ఎల్సిరాని. ఇక్కడ లెక్కలు రాస్తాను.
అమ్మకం కాగితాలు నేనే కొట్టాను.
ఎడమవైపు ఆస్తులు: లేతు మిషన్లు రెండు,
పోత కొలిమి, ఒక చక్రం ఈడ్చే ఫోర్కులిఫ్టు.
కుడివైపు బాకీలు: బ్యాంకుకి, కరెంటుకి,
ఇత్తడి అరువిచ్చిన శాంతా ఫే వాళ్లకి.
అందరికంటే కింద
"ఎల్సిరా మాన్సిజా, ముప్పై ఒక్క ఏళ్లు, పరిహారం."
నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది.
చెరిపి మళ్లీ కొట్టాను.

సగం ఇప్పుడు, సగం రెండేళ్లకి, అన్నాడు కుర్రాడు.
పేరు గాస్తోన్. తండ్రి పాలావుల్ని అమ్మిన డబ్బు.
చేతుల్లో ఇంకా పితికే బలం ఉంది,
ఫోను బల్ల మీద బోర్లించి పెట్టాడు,
డాలరు ఎక్కడికి ఎక్కిందో చూడకుండా.

అప్పుడు ఎవరిస్తో లేచి బీరువా తీశాడు.
ఉన్నిగుడ్డలోంచి మా అసలు తూనికరాయి, పది కిలోలది.
"ఇదీ రాసుకో. నాలుగు గ్రాములు తక్కువ.
మా నాన్న చేతులు కొంత, నావి కొంత అరగదీశాయి.
నీకు చూపిద్దామని మొన్న తూయిస్తే తెలిసింది."
"అంటే ఇన్నాళ్లూ...?"
"కొనుక్కున్నవాళ్లకి ఆ మేర తక్కువే ముట్టింది."

గోడల నిండా వేలాడే త్రాసులు.
ఒక్కదాని ముల్లూ కదల్లేదు.
నేనైతే చెప్పి ఉండేదాన్ని కాదు. ఇప్పటికీ కాదు.

గాస్తోన్ ఆ రాయిని రెండు చేతులా ఎత్తి
చాలాసేపు పట్టుకున్నాడు, దింపాడు.
కాగితం మీద వేలు పెట్టి అడిగాడు,
"కింద ఉన్న ఈ ఆవిడెవరు?"
"కాఫీ ఇచ్చింది కదా."
అతని చెవులు ఎర్రబడ్డాయి.
"మీరు ఉంటానంటే ఈ వరుస కొట్టేయొచ్చా?"
"ఉన్నా బాకీనే బాబూ, చట్టం అలా ఉంది.
ఏడాది తిరిగేసరికి ఇంకాస్త పెరుగుతాను."
ఎవరిస్తో నవ్వాడు. ఆ నెలలో అదొక్కసారే.

రాత్రి ఎనిమిదయింది. అంకెల మధ్య ఇంకా సందు.
ఈయన దిగడు, అతని దగ్గర ఎక్కడానికి లేదు.
తేలిపోయే పళ్లెంలో పాసంగం వేసినట్టు
కుర్రాడు తన పికప్పు బండి తాళాలు బల్ల మీద పెట్టాడు.
సంతకాలయ్యాయి.

మర్నాటికి డాలరు మళ్లీ ఎగిరింది.
ఎవరు గెలిచారని మా అక్క అడుగుతుంది.
కొన్నవాడా, అమ్మినవాడా?
ముల్లు ఇంకా ఊగుతోంది అక్కా, చదవలేను.

ఆ రాత్రి ఆఖరి బస్సు పదింటికి.
ఆ బండిలోనే ఎవరిస్తో అతన్ని స్టాండులో దింపాడు.
దారిలో ఆగి పెట్రోలు పోయించారట.
డబ్బు ఎవరిచ్చారో
నా లెక్కల్లోకి రాలేదు.