బాకీ పద్దు

సెకండ్ లైన్ బీచ్‌లో మాది ఓడలకు సరుకులేసే కొట్టు.
ఉల్లిపాయలు, మంచినీళ్ళు, మోకులు, సబ్బులు.
మా నాన్న ఈ వ్యాపారంలోకి దిగాడు.
నేను దిగలేదు, ఇందులోనే పుట్టాను.

ఆ ఓడ పదకొండు వారాలుగా కదల్లేదు.
యజమాని ఎక్కడో దివాలా తీశాడు,
చుక్కాని గది అద్దానికి కోర్టు కాగితం అంటించి ఉంది.
సరుకు దించుకునేవాడు వంటవాడు, ఎలిసియో కబ్రేరా.
ఊరు కాయింటా, మనీలాకు కూతవేటు దూరం.

నేను నా భాషలో గొణుక్కుంటూ లెక్కపెడుతున్నాను.
సబ్బులు నలభై.
అతను తలెత్తాడు: సాబోన్?
బాల్చీలు రెండు. బాల్దే!
తువాళ్ళు డజను. తువాల్యా!
మేజా మీద పెట్టమన్నాను.
మేసా, మేసా, అని బల్లను చరిచాడు.
ఇద్దరం నవ్వాం, దొంగసొత్తు పంచుకుంటున్నవాళ్ళలా.
మా ఇద్దరి ఇళ్ళకీ ఎప్పుడో చుట్టాలు కాని చుట్టాలొచ్చి
సామాను వదిలేసి వెళ్ళారు,
సామాను ఎత్తుకునీ వెళ్ళారు.

అడుగున ఇంకా పాతవి తగిలాయి.
ముఖం వాళ్ళకీ ముఖమే. ఆశ, ఆసా. గురువు, గురో.
దుఃఖం మాత్రం దారిలో తడిసినట్టుంది:
దుఖా అంటే అక్కడ చేతిలో కాసులేనివాడు.
పదకొండు వారాల జీతం రాని మనిషి
ఆ మాట చెబుతుంటే
అర్థం మారిందని నాకు అనిపించలేదు.

కబ్రేరా అంటే ఏమిటన్నాను.
"మేకలుండే చోటట. మేమెప్పుడూ ఒక్క మేకనీ పెంచలేదు.
ఎవరో గవర్నరు పేర్ల పట్టీ పంపాడు,
మా ఊరికొచ్చిన పేజీలో అది ఉంది."

నేను మోపూరు అన్నాను, నా ఇంటిపేరు.
ఆరో క్లాసు హాజరుపట్టీలో గడి ఇరుకని
వాధ్యార్ ఎం ఒక్కటి ఉంచి మిగతాది కొట్టేశారు.
చుక్క పెట్టిన ఆ అక్షరంలో ఒక ఊరుందంటే
మా అబ్బాయి ఇప్పటికీ నమ్మడు.

"బడిలో నన్ను బుంబాయ్ అని ఏడిపించేవాళ్ళు."
చెయ్యి చాపాడు. పక్కన నా చెయ్యి పెట్టాను.
"ఇంగ్లీషువాళ్ళు మనీలా మీదికి వచ్చినప్పుడు
సిపాయిల్ని తెచ్చారట. కొందరు మళ్ళీ ఓడెక్కలేదు,
మా ఊళ్ళో ఉండిపోయారు. నాయనమ్మ చెప్పేది.
ఏ ఊరివాళ్ళో ఆమెకీ తెలీదు."

బొంబాయి కాదయ్యా,
ఆ ఓడలు లేచింది ఇక్కణ్ణుంచే.
డెక్కు మీంచి కోట జెండాకొయ్య చూపించాను.
అతను కోట వైపు చూడలేదు.
చాలాసేపు నీళ్ళవైపే చూశాడు,
ఎవరో ఈదుకుంటూ వస్తారన్నట్టు.

నాకూ ఉందిలే ఒక పేరు, అన్నాను.
ఈ ఊళ్ళో గొల్టి. నెల్లూరు పెళ్ళిళ్ళలో అరవోడు.
అది అతనికి వివరించడానికి
రెండు టీలు పట్టింది.

మధ్యాహ్నం వేరుశనగ ముద్దలో కూర వండాడు.
నా కోసం తోకమాంసం మానేసి వంకాయలేశాడు.
పేరు కారె-కారె.
కారం ఏదయ్యా ఇందులో?
"పేరొక్కటే దిగింది ఒడ్డుకి" అన్నాడు.

ఓడని ఎవరో వేలంలో పాడుకున్నారు.
సిబ్బందిని ఒక రాత్రి విమానమెక్కించేశారు.
నాకు తెలిసేసరికి వంటగదిలో
కడిగి బోర్లించిన గిన్నెలున్నాయి.

రశీదు మీద పొడుగ్గా మేకల సంతకం.
కింద నేను నేర్పిన అక్షరాల్లో ఎలిసియో,
లి మీద గుడి పక్కకి జారిపోయి.
బాల్చీలు రెండు, పైకం రాలేదు.
కొట్టెయ్యండి సార్, ఇంకెక్కడ వస్తుంది, అన్నాడు ఆడిటరు.

గడి ఇరుకే.
ఉండనీ, అన్నాను.