గొర్రె డెక్క

ఆర్న్‌సైడ్‌లో సముద్రం వెళ్ళిపోయిందంటే
నిజంగానే వెళ్ళిపోతుంది.
మైళ్ళకొద్దీ ఒండ్రు,
పక్షి అరుపు కూడా జారిపడే నునుపు.

ఐసొబెల్ థ్వెయిట్‌కి డెబ్బై మూడేళ్ళు.
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు.
శనివారం మధ్యాహ్నం మందుల షాపు మూసేశాక
ఆవిడ బకెట్లు మోయడం నా పని.
జీతం లేదు. ఫ్లాస్కులో టీ, విరిగిన అల్లం బిస్కెట్లు.

ముందు మట్టి వాసన చూస్తుంది.
తర్వాత వేళ్ళ మధ్య నలుపుతుంది.
జ్వరమేమో అన్నట్టు అరచెయ్యి ఆనించి
కాసేపు ఊరుకుంటుంది.
అప్పటిదాకా కుంచె సంచి దాటదు.

మొదట్లో నాకు విసుగు.
ఎదురుగానే ఉందిగా, గీసేయొచ్చుగా అంటే
"నేను చూశాను, అది నన్నింకా చూడలేదు" అంది.

ఇంట్లో కొన్న రంగులు లేవు.
వడగట్టిన ఒండ్రు, సున్నపురాయి పొడి,
ముళ్ళపొదలు కాల్చిన బొగ్గు,
కలపడానికి గుడ్డు పచ్చసొన.
ప్రతి సీసా మీదా తేదీ, పోటు ఎత్తు, గాలి ఎటు వీచిందీ.
రంగు పేరు మాత్రం ఉండదు.

నవంబర్‌లో పాయ ఒడ్డున తవ్విందొకటి
నలుపు కాదు, గోధుమ కాదు,
తడిలో లోపలెక్కడో ఎరుపు.
"దీన్నేమంటావు నువ్వు?"
నోరు జారి ఉలవచారు అన్నాను.
మళ్ళీ చెప్పమంది. మూడుసార్లు.
నాలుక తిరగక నవ్వి
తన అక్షరాల్లో అట్ట మీద రాసుకుంది,
తప్పుగా.
నేను దిద్దలేదు.

ఆ సాయంత్రం పెద్ద కాన్వాసంతా అదే పూసి
ఉప్పుగడ్డి మీద పరిచి
నాలుగు మూలలా రాళ్ళు పెట్టి
వదిలేసి వచ్చాం. మిగతాది వాన గీస్తుందట.
పడుకున్నాక కిటికీ మీద చినుకులు వింటూ
పనివాళ్ళొచ్చారు అనుకున్నాను.

తెల్లారి చూస్తే
వాన గీసింది. గాలి కొంచెం చెరిపింది.
సరిగ్గా నడుమ, ఇంకా ఆరని ఉలవచారులో
ఓ గొర్రె డెక్క.
రెండుగా చీలి, లోతుగా,
ఏ సందేహమూ లేకుండా.

తుడిచేద్దామా అన్నాను.
ఐసొబెల్ వంగి, చాలాసేపు వంగే ఉండి,
"నలభై ఏళ్ళుగా చెయ్యి ఇంత బరువుగా పెట్టలేకపోయాను" అంది.
గొర్రె మీద అసూయతోనే అంది.

అంతలో సైరన్. పోటు వస్తోంది.
కాన్వాసుని చుట్టకుండా చెరో అంచూ పట్టుకుని
పక్కదారిన గట్టెక్కాం.
వెనకాల నీళ్ళు మా బూట్ల గుర్తుల్లోకి చేరుతున్నాయి.
ముందు ఆవిడవి నిండాయి,
తర్వాత నావి,
ఈ మధ్య కాస్త లోతుగా పడుతున్నవి.